చేబదులుకు రాని ఆట

నేను చదివింది ఎం.ఏ. తెలుగు. రాసేది నవలలు. వీడియో ఆటల గురించి మాట్లాడటానికి నాకేం అర్హత వుందని మీరడగవచ్చు. మావారు అడగనే అడిగారు. "నీ నవలేదో నువ్వు రాసుకోక, ఆ డిస్కుల గొడవ నీకెందుకు?" అన్నారు. నిజమే, ఆటలాడటం నాకు రాదు. కాని డబ్బిచ్చి వస్తువు కొనడం వచ్చు. కొన్నాక అది మనదా, పరాయిదా అని అడగడం ఇంకా బాగా వచ్చు. ఆ మాత్రం వచ్చిన ఇల్లాలెవరైనా ఈ సంగతి మాట్లాడవచ్చునని నా ఉద్దేశం.

జరిగింది చెబుతాను. కిందటి వేసవి సెలవుల్లో మా అబ్బాయికి ఒక కొత్త ఆట కొనిపెట్టాం. నాలుగు వేల పైచిలుకు పోశాం. పెట్టె చూస్తే నిగనిగలాడుతోంది. విప్పితే లోపల డిస్కు లేదు! ఒక చీటీ వుంది. దాని మీద అక్షరాలూ అంకెలూ కలగలిపిన కోడు ఒకటి అచ్చువేసి వుంది. అది యంత్రంలో కొడితే ఆట ఇంటర్నెట్టు ద్వారా దిగుతుందట. దిగింది లెండి, రెండు రాత్రులు పట్టి.

ఆ ఆదివారం మా వీధి చివర బ్లౌజులు కుట్టే ఆవిడ కొడుకు వచ్చాడు. వాడికీ అచ్చు మావాడి దానిలాంటి యంత్రమే వుంది. వాళ్ల మేనమామ ఎవరి దగ్గరో పాతది కొనిచ్చాడు. కొత్త ఆటలు కొనే స్తోమత మాత్రం లేదు. మావాడు ఆడేసిన డిస్కు పట్టుకెళ్లి, మళ్లీ ఆదివారానికి మెత్తని గుడ్డతో తుడిచి తెచ్చిచ్చేవాడు.

"ఆంటీ, కొత్త గేమ్ వచ్చిందంట గదా, ఆడుడు అయినంక నాకిస్తడా?" అన్నాడు గుమ్మంలోనే.

మావాడు తల దించుకుని, "ఇది ఇచ్చేది కాదురా" అన్నాడు.

ఆ పిల్లవాడు "సరే ఆంటీ" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు ఆదివారాలు మా గడప తొక్కలేదు.

ఇచ్చేది కాదు! ఈ మాట మా ఇంట్లో నేను వినడం అదే మొదలు. నంబర్లతో పిలుచుకునే ఈ తార్నాక వీధుల్లోనే నేను పుట్టి పెరిగాను. పంచదార మొదలు కుక్కరు రబ్బరు దాకా ఇక్కడ చేబదులుకు వెళ్లని వస్తువు లేదు. మా అమ్మ ఒక వారపత్రిక కొంటే నాలుగిళ్లవాళ్లు చదివేవారు. నేను నవలలు చదవడం నేర్చింది అద్దె లైబ్రరీలో. ఇక ఉస్మానియాలో చదివిన రెండేళ్లూ యూనివర్సిటీ లైబ్రరీయే నా ఆస్తి. పుస్తకంలో అంటించిన కాగితం మీద, నాకంటె ముందు దాన్ని తీసుకెళ్లినవాళ్ల తేదీల ముద్రలు వరసగా వుండేవి. జిల్లాలనుంచి వచ్చి హాస్టల్లో వున్న నా స్నేహితురాళ్లు కొందరు ఒక్క పుస్తకమైనా కొనకుండా ఎం.ఏ. పాసయ్యారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఒకే పుస్తకాన్ని ముగ్గురం చదివిన రోజులున్నాయి. ఎవరి ప్రతి వాళ్లే కొనాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అని ఆనాడు ప్రచురణకర్తలు షరతు పెట్టివుంటే మాలో సగం మంది చదువు అక్కడితో సరి.

చదువుకూ ఆటకూ పోలికా అంటారేమో. పిల్లలకు ఆట కూడా కావాలి కదండీ! స్తోమత లేని పిల్లవాడికి మరీ కావాలి.

"ఆటలు బాగా పెరిగిపోయాయి, డిస్కులో పట్టవు" అని ఒక మాట వినిపిస్తూ వుంటుంది. మావారు కంప్యూటర్ల మనిషి. ఆయన్ని కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పించుకున్నాను. పాటల సి.డి. 1982లో బజారుకొచ్చింది. అడ్డంగా కొలిస్తే 12 సెంటీమీటర్లు. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ ఆటలు దాని మీదే వచ్చాయి. దాన్లో పట్టేది సుమారు 700 మెగాబైట్లు. 2000లో వచ్చిన రెండో ప్లేస్టేషన్ డి.వి.డి. తెచ్చింది. దాన్లో ఒక పొరకు 4.7 గిగాబైట్లు. 2006లో మూడోది బ్లూ-రే తెచ్చింది. పొరకు 25, రెండు పొరలకు 50. 2020లో వచ్చిన అయిదోది మూడు పొరల డిస్కు కూడా చదువుతుంది. అందులో 100 గిగాబైట్లు పడతాయి. సి.డి.తో పోలిస్తే దాదాపు 140 రెట్లు. డిస్కు మాత్రం అదే 12 సెంటీమీటర్లు!

ఎలాగంటారా? మనకు తెలిసిన పద్ధతే. ఇన్‌లాండ్ కవరు మీద లావు పాళీతో రాస్తే నాలుగు ముక్కలు పడతాయి. సన్నపాళీతో రాస్తే అత్తగారి మీద ఫిర్యాదులన్నీ పట్టి, మడత మీద ఇంకా చోటు మిగులుతుంది. డి.వి.డి.ని చదివేది ఎర్ర లేజరు కిరణం. దాని తరంగం పొడవు 650 నానోమీటర్లు. బ్లూ-రేని చదివేది నీలం, ఊదా కలిసిన కిరణం. దానిది 405. తరంగం పొట్టిదయినకొద్దీ కిరణం మొన సన్నబడుతుంది. అక్షరాలు చిన్నవి చేసి దగ్గర దగ్గరగా రాయవచ్చు. అంతే కిటుకు.

ఇప్పటి పెద్ద ఆటలు కొన్ని 100 గిగాబైట్లు కూడా దాటుతున్నాయి, ఒప్పుకుంటాను. దాటితే రెండు డిస్కులివ్వండి! ఇదివరకు ఇవ్వలేదా? ఫైనల్ ఫాంటసీ 13 అనే ఆట 2010లో ఇతర దేశాల్లో విడుదలైనప్పుడు, బ్లూ-రే చదివే ప్లేస్టేషన్‌కు ఒక డిస్కుగా, డి.వి.డి. చదివే ఎక్స్‌బాక్స్ 360కి మూడు డిస్కులుగా వచ్చింది. 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 రెండు డిస్కుల్లో వచ్చింది. నా నవల ఒక సంపుటంలో పట్టకపోతే రెండు సంపుటాలు వేస్తారు. "రెండో భాగం కావాలంటే మా ఆఫీసుకొచ్చి, మా ఎదుట కూర్చుని చదివి వెళ్లండి" అనరు గదా!

కాబట్టి అసలు సంగతి చోటు చాలకపోవడం కాదు. డిస్కు చేతులు మారుతుంది. నేను మీకు ఇస్తే మీరు కొనరు. నేను సగం ధరకు అమ్మితే, కొన్నవాళ్ల డబ్బు నాకొస్తుంది, కంపెనీకి పోదు. కోడు అయితే ఒక్కసారి కొట్టగానే దాని పని సరి. ఇంకొకరికి ఇవ్వడానికేం మిగలదు. 2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ డిస్కు పెట్టే చోటే లేకుండా వచ్చింది. 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలోనూ డిస్కు డ్రైవు లేదు. కావాలంటే విడిగా కొని తగిలించుకోవాలి. మన వస్తువు మనదనిపించుకోవడానికి మళ్లీ డబ్బు! రాబోయే తరం యంత్రాల తయారీ సాగుతోంది. వాటిలో ఆ డిస్కు సందు వుంచుతారా, పూర్తిగా పూడ్చేస్తారా అన్నదే ఇప్పుడు మనం అడగవలసిన ప్రశ్న.

మావారు వూరుకోలేదు. "డిస్కు మీద గీతలు పడతాయి. పైగా ఈ యంత్రాలు ఆటను లోపలికి ఎక్కించుకుని గాని ఆడించవు. ఇంకా డిస్కుతో పనేముంది?" అన్నారు. గీతల మాట నిజమే. మా పెళ్లి సి.డి. సరిగ్గా తాళికట్టే చోట ఆగిపోతుంది. అయినా పారేశామా? ఇంటి దస్తావేజులు బీరువాలో పడి వుంటాయి. వాటి మీద పడుకోం, వాటితో వంట చెయ్యం. వాటితో పనేముందని ఎవరైనా పట్టుకుపోతే వూరుకుంటామా?

ఇంకొక సంగతీ చెప్పాలి. పేరుకు డిస్కు వుంటే చాలదు, డిస్కులో ఆట వుండాలి. యూబిసాఫ్ట్ వారు 2014లో ద క్రూ అనే కార్ల ఆట అమ్మారు. 2024 మార్చి ఆఖరున దాని సర్వర్లు ఆపేశారు. అవి లేనిదే ఆట నడవదు గనుక, డిస్కు దాచుకున్నవాళ్లకూ చివరికి డిస్కే మిగిలింది. ఇలా అమ్మిన ఆటల్ని చంపవద్దని 2025లో యూరప్‌లో పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. కాలిఫోర్నియాలో 2024లో చట్టమే చేశారు. డిజిటల్ సరుకును "కొనండి" అని అమ్మేటప్పుడు, మీకిస్తున్నది వాడుకునే లైసెన్సు మాత్రమేనని కొనేవాళ్లకు విడమరచి చెప్పాలట.

మనం గొంతెత్తితే కంపెనీలు వింటాయా అని నిట్టూర్చకండి. విన్నాయి. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వారు తమ కొత్త ఎక్స్‌బాక్స్ రోజుకొకసారైనా ఇంటర్నెట్టుకు తగిలించాలనీ, డిస్కులు చేతులు మారడానికి షరతులుంటాయనీ ప్రకటించారు. జనం దుమ్మెత్తి పోశారు. సోనీవారు అదే అదనుగా, ఆట ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో నేర్పే చిన్న వీడియో తీశారు. ఒకాయన డిస్కు పెట్టె ఇంకొకాయన చేతికిస్తాడు. ఆయన పుచ్చుకుంటాడు. పాఠం అయిపోయింది! రెండు వారాలు తిరక్కుండానే మైక్రోసాఫ్ట్ వారు ఆ షరతులన్నీ వెనక్కి తీసుకున్నారు. ఆనాడు అంత చక్కగా పాఠం చెప్పిన సోనీవారే ఈనాడు డ్రైవు లేని యంత్రం అమ్ముతున్నారు. జనం నోరు మూసుకుంటే జరిగేది అదే మరి.

దసరాకో, పుట్టినరోజుకో మీ పిల్లలూ కొత్త యంత్రం కావాలంటారు. పర్సు మన చేతిలో వుంది. కొట్లో రెండే ప్రశ్నలు అడగండి. డిస్కు పెట్టే చోటుందా? ఆట మొత్తం డిస్కులోనే వుందా? కొట్టువాడు నసిగితే పర్సు మూసి ఇంటికి రండి. పిల్లవాడు రెండురోజులు అలుగుతాడు. వాళ్ల అలకలు మనకు కొత్తా?

నాలుగో ఆదివారం నేనే బయలుదేరాను. బ్లౌజు గుడ్డతోపాటు, ఆట పూర్తిగా వున్న పాత డిస్కు ఒకటి సంచిలో వేసుకుని వెళ్లి ఆ పిల్లవాడి చేతిలో పెట్టాను. పెట్టె అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఎప్పుడియ్యాలె ఆంటీ?" అన్నాడు.

"వచ్చే ఆదివారం. నువ్వే తెచ్చివ్వాలి" అన్నాను.