తొంభై రెట్ల లెక్క

ఆడవాళ్ళ ఆట చూడడానికి జనం రారు, కాబట్టి డబ్బు రాదు, కాబట్టి జీతం తక్కువ. ఇది మన ఊరి పెద్దమనుషుల మాటలా వినిపిస్తుంది గానీ, అమెరికాలో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు 1994లో ఇచ్చిన తీర్పు సారాంశం దాదాపు ఇదే.

లాస్ ఏంజిలస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో రెండు బాస్కెట్‌బాల్ జట్లున్నాయి. ఆడపిల్లల జట్టు 1983లోనూ 1984లోనూ వరుసగా జాతీయ ఛాంపియన్ అయింది. మగపిల్లల జట్టు ఆ టైటిల్ ఇప్పటివరకూ ఒక్కసారి కూడా గెలవలేదు. 1989లో ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా వచ్చిన మేరియాన్ స్టాన్లీ, అంతకుముందు ఓల్డ్ డొమీనియన్ యూనివర్సిటీ జట్టుకు మూడు జాతీయ టైటిళ్ళు తెచ్చిపెట్టిన మనిషి. మగపిల్లల జట్టు కోచ్ జార్జ్ రావెలింగ్ జీతం మాత్రం ఆమెకి రెట్టింపు పైమాటే.

1993లో కాంట్రాక్టు ముగిసేవేళ ఆమె సమాన జీతం అడిగింది. యూనివర్సిటీ మొదట మూడేళ్ళ కాంట్రాక్టు ఇస్తానంది: 80 వేల డాలర్లు, 90 వేలు, లక్ష. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు 96 వేలకి ఒక్క ఏడాదే అన్నారు. ఆమె ఇంకా మాట్లాడుతుండగానే అదీ వెనక్కి తీసుకుని వేరే కోచ్‌ని వెతుక్కున్నారు. ఆమె కోర్టుకెక్కింది.

కోర్టు ఏమంది? మగపిల్లల జట్టు ఆదాయం సుమారు 90 రెట్లు ఎక్కువ అంది. ప్రచారం చేసే బాధ్యత, విరాళాలు రాబట్టే బాధ్యత, గెలిచి తీరాలన్న ఒత్తిడి రావెలింగ్ మీద ఎక్కువ, కాబట్టి రెండూ ఒకే పని కావంది. జనం మగవాళ్ళ ఆటనే ఎక్కువగా చూడడం సమాజంలో ఉన్న వివక్షే కావచ్చు గానీ, దాన్ని యూనివర్సిటీకి అంటగట్టలేమని కూడా అంది.

కాస్త నిలబడి ఆలోచిద్దాం. మగ జట్టుకి ప్రచారం చేసేది ఎవరు? యూనివర్సిటీ. ఆడ జట్టుని పట్టించుకోనిది ఎవరు? అదే యూనివర్సిటీ. ఆమె చేతికి రాని పనినే ఆయన అదనపు పనిగా లెక్కగట్టి, ఆ లెక్క చూపించి ఆమెకి జీతం కోశారు. నీళ్ళు పెట్టని చేను పండలేదని చేనుని తిట్టడమన్నమాట. 1999లో ఇదే కేసు మళ్ళీ అప్పీలుకి వచ్చినప్పుడు ఆ కోర్టు జడ్జీల్లో ఒకరైన హ్యారీ ప్రెగర్సన్ తన భిన్నాభిప్రాయంలో ఈ విషయమే ఎత్తిచూపారు. ఆడ జట్టుకి యూనివర్సిటీ అరకొర ప్రచారమే చేసిందని ఆయన రాశారు. మిగతా జడ్జీలు వినలేదు. ఈసారి వాళ్ళు పట్టుకున్నది అనుభవం: ఆయనకి 31 ఏళ్ళు, ఆమెకి 17. విద్యాసంస్థల్లో లింగ వివక్షని నిషేధించే టైటిల్ నైన్ చట్టం వచ్చిందే 1972లో. అంతకు ముందు ఆడపిల్లల జట్లకి జీతమిచ్చి కోచ్‌ని పెట్టుకున్న కాలేజీలు ఎన్ని? ఆ చట్టం వచ్చి ఆడ జట్ల కోచ్ ఉద్యోగాలకి డబ్బూ గౌరవమూ రాగానే మరో చిత్రం జరిగింది. 1972లో ఆ కోచ్‌లలో 90 శాతానికి పైగా స్త్రీలే. 1990ల నాటికి సగం ఉద్యోగాల్లో మగవాళ్ళు చేరిపోయారు. మగ జట్ల తలుపులు మాత్రం స్త్రీలకి తెరుచుకోలేదు.

(దున్నడం బరువు పని, నాట్లు తేలిక పని అంటూ ఆడకూలి తగ్గించిన వాదం మనకి కొత్త కాదు. మన 1976 సమాన వేతన చట్టం ఉన్నన్నాళ్ళూ ఆ వాదమూ ఉంది. రోజంతా నడుం వంచి నాటేసినవాళ్ళని అడిగితే తెలుస్తుంది ఎంత తేలికో.)

జనం రారన్న మాట సంగతీ చూద్దాం. 2021లో శాన్ ఆంటోనియోలో జరిగిన మహిళల టోర్నమెంటులో వ్యాయామానికంటూ ఇచ్చింది చిన్న స్టాండు మీద కొన్ని డంబెల్స్. మగవాళ్ళకి హాలు నిండా పరికరాలు. ఒక క్రీడాకారిణి వీడియో తీసి బయటపెట్టాక గగ్గోలు పుట్టి, విచారణ వేశారు. ఆ నివేదికలో తేలిందేమిటంటే, 2025 నాటికి ఏటా 8.1 కోట్ల నుంచి 11.2 కోట్ల డాలర్ల దాకా పలకగల మహిళల టోర్నమెంటు టీవీ హక్కుల్ని విడిగా అమ్మకుండా, మరో 28 పోటీలతో మూటగట్టి, అన్నిటికీ కలిపి ఏడాదికి సుమారు 3.4 కోట్లకి ఇచ్చేశారు. అమ్మకుండానే అమ్ముడుపోదని తేల్చారన్నమాట! 2024లో మహిళల ఫైనల్‌ని కోటీ 87 లక్షల మంది చూశారు, మగవాళ్ళ ఫైనల్‌ని కోటీ 48 లక్షల మంది. ఆ ఏడు మహిళలది ఇంటింటికీ వచ్చే ఛానెల్లో, మగవాళ్ళది కేబుల్లో వచ్చింది కదా అని కొందరు గొణిగారు. మేం చెబుతున్నదీ అదే. ఎక్కడ చూపిస్తే అక్కడ చూస్తారు.

1999 తీర్పులో ఇంకో సంగతి ఉంది. కేసు ఓడినందుకు యూనివర్సిటీ ఖర్చుల కింద 46,710 డాలర్లు కట్టమని కింది కోర్టు స్టాన్లీని ఆదేశించింది. అంత భారం మోపితే హక్కుల కోసం రేపు ఎవరూ కోర్టుకి రారని, ఆ ఒక్క విషయంలో మాత్రం అప్పీలు కోర్టు మళ్ళీ చూడమంది. సమాన జీతం రాలేదు.

మగవాళ్ళ టోర్నమెంటులో ఆడిన ప్రతి మ్యాచికీ వాళ్ళ యూనివర్సిటీల కూటమికి వాటా ఇచ్చే పద్ధతి 1991లో మొదలైంది. మహిళలకి అది 2025లో వచ్చింది. మధ్యలో గడిచిన 34 ఏళ్ళలో వాళ్ళ ఆట డబ్బు తేదని చెప్పినవాళ్ళు, తెచ్చినా ఇవ్వని ఏర్పాటు గురించి నోరెత్తలేదు.