నాలుగు లక్షల బాకీకి కోర్టు ఎంత దూరం? బొగ్గుబావుల చిన్న కాంట్రాక్టర్ల గోస

గోదావరిఖనిలో వెల్డింగ్ షెడ్డు, లేత్ మిషన్, టైర్ల దుకాణం, వాటర్ ట్యాంకర్, జీపు కిరాయి. ఈ పనుల్లో మన ముస్లిం కుటుంబాలు ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సింగరేణిలో పర్మినెంట్ నౌకరీ దొరికినవాళ్లు కొందరే. సింగరేణి చుట్టూ తిరిగే పని మీద బతికేవాళ్లు చాలామంది.

ఆ పని ఎట్లా నడుస్తదో కూడా అందరికీ ఎరుకే. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టి తీసే పని, అంటే ఓబీ పని, టెండర్ల మీద పెద్ద కంపెనీలకు పోతది. ఆ కంపెనీ కింద ఇంకొకరు, వాళ్ల కింద మరొకరు. అన్నిటికంటే కింద టిప్పర్ బాడీకి, షవల్ బకెట్‌కు వెల్డింగ్ కొట్టే మనిషి. పై నుంచి పైసలు మెట్టుమెట్టుకూ ఆగుకుంటూ వస్తయి. "ఇంకా బిల్లు కాలేదు" అనే మాట మాత్రం ఎక్కడా ఆగకుండా కిందికి దిగుతది.

మా అబ్బాది వెల్డింగ్ షెడ్డు. 2022లో ఒక సబ్ కాంట్రాక్టర్ కంపెనీకి (పేరు ఇక్కడ అనవసరం) పని చేసిండు. మొత్తం పదకొండు బిల్లులు, 4,60,000 రూపాయలు. "మార్చి అయిపోనీ", "పండుగ తర్వాత", "హెడ్డాఫీసు నుంచి రావాలె" అనుకుంటూ మూడేండ్లు గడిపిన్రు. అబ్బా గట్టిగా అడగలేదు. అడిగితే రేపటి పని పోతదని భయం. నేను బీకాం చదివి, వ్యాపార వార్తలు రాసే మనిషిని. ఇంట్లో ఉన్న ఈ లెక్క మీద నా కన్ను పడింది మాత్రం పోయిన ఏడాది ఆగస్టులో. అప్పటికే మొదటి మూడు బిల్లులకు మూడేండ్లు దాటిపోయినయి. చేసిన పనికి డబ్బు రాకపోతే మూడేండ్లలోపే దావా వేయాలని లిమిటేషన్ చట్టం చెప్తది. ఆ 85,000 పోయినట్టే. మిగిలింది 3,75,000.

ఈ అంకె దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఎందుకంటే 3 లక్షలు దాటిన వ్యాపార తగాదా మామూలు సివిల్ కోర్టుకు కాదు, కమర్షియల్ కోర్టుకు పోవాలి.

2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చినప్పుడు కోటి రూపాయలు, ఆపై తగాదాలకే అది వర్తించేది. అంటే మనలాంటివాళ్లకు సంబంధం లేని చట్టం. 2018లో సవరించి ఆ హద్దును కోటి నుంచి 3 లక్షలకు దించిన్రు. ఎందుకు దించిన్రు? ప్రపంచ బ్యాంకు ఏటా ఇచ్చే ‘డూయింగ్ బిజినెస్’ ర్యాంకుల్లో, కాంట్రాక్టును కోర్టు ద్వారా అమలు చేయించుకునే విషయంలో మన దేశం అడుగున ఉండేది. 2020 నివేదికలో కూడా 163వ స్థానం. ఒక కేసు తేలడానికి 1,445 రోజులు పడుతుందని, దావా విలువలో 31 శాతం ఖర్చులకే పోతుందని లెక్క. ఆ లెక్క తీసింది ఢిల్లీ, ముంబై కోర్టుల్లో. పెద్దపల్లి జిల్లాకు ఎవరూ రాలేదు. ఆ తర్వాత 2021లో ప్రపంచ బ్యాంకు ఆ ర్యాంకులనే ఎత్తేసింది. ర్యాంకు కోసం తెచ్చిన సవరణ మాత్రం ఉండిపోయింది.

సవరణ చెడ్డదని నేను అనడం లేదు. చదివితే చాలా మంచిగుంటది. ప్రతివాది సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు దయ తలిచినా 120 రోజులే. ఆ తర్వాత జవాబు చెప్పే హక్కే పోతది. మామూలు సివిల్ కోర్టులో ఏండ్లకేండ్లు "కౌంటర్‌కు టైం కావాలి సార్" అని సాగదీసే పద్ధతికి ఇది పెద్ద దెబ్బ. తొలి కేస్ మేనేజ్‌మెంట్ హియరింగ్ నుంచి ఆరు నెలల్లో వాదనలు ముగించాలి. వాదనలు అయిన 90 రోజుల్లో తీర్పు ఇవ్వాలి. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఖర్చు భరించాలనేది మామూలు నియమం. ఇంకో ముఖ్యమైన మాట: ఎదుటి పార్టీ ప్రభుత్వమో, ప్రభుత్వ సంస్థో అయినంత మాత్రాన అది వ్యాపార తగాదా కాకుండా పోదని చట్టంలోనే రాసి ఉంది. రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి లాంటి సంస్థతో నేరుగా బిల్లు తగాదా ఉన్నవాళ్లకు ఇది పనికొస్తది.

మరి మంచి చట్టం మా అబ్బా దాకా ఎందుకు రాలేదు?

మొదటిది మీడియేషన్. అర్జంటు స్టే లాంటివి అడగని కేసుల్లో, కోర్టుకు పోకముందే లీగల్ సర్వీసెస్ అథారిటీ దగ్గర రాజీ ప్రయత్నం చేయాలని చట్టంలోని 12ఎ సెక్షన్ చెప్తుంది. చేయకుండా దావా వేస్తే తిప్పికొట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేల్చింది. ఇది ఎంత ముఖ్యమో మనలాంటి ఇంకో బొగ్గు ఊరి పేరున్న కేసు చూపిస్తుంది. ధన్‌బాద్ ఫ్యూయల్స్ అనే కంపెనీ మీద కేంద్ర ప్రభుత్వం 2019లో పైసల దావా వేసింది. ముందు మీడియేషన్ చేయలేదు కాబట్టి ఆ దావా చెల్లుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్న తేలేసరికి 2025 మే వచ్చింది. అసలు బాకీ సంగతి ఇంకా అవతలే. పాత దావాలను కొట్టేయనక్కర్లేదు, ఆపి మీడియేషన్‌కు పంపండి అన్నది తీర్పు. సర్కారు వకీళ్లకే ఈ తిప్పలైతే మన గల్లీ దుకాణదారు సంగతేంది?

రాజీ అనేది మనకు పరాయిది కాదు. సులహ్ అంటే ఇంట్లో పెద్దలు, మస్జిద్ కమిటీ పెద్దలు చేసే పనే. నేను సంతోషంగానే దరఖాస్తు పెట్టిన. దరఖాస్తుకు 1,000 రూపాయలు. 3 నుంచి 10 లక్షల తగాదాకు మీడియేషన్ ఫీజు 15,000, రెండు పార్టీలూ చెరిసగం కట్టాలి. మూడు నెలల గడువు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు నెలలు. రాజీ కుదిరితే దానికి ఆర్బిట్రేషన్ తీర్పుకున్నంత విలువ ఉంటది, మళ్లీ దావా వేయాల్సిన పని లేదు. మీడియేషన్ నడిచిన కాలం ఆ మూడేండ్ల గడువులో లెక్కకు రాదు. మా మిగిలిన బిల్లులు బతికింది ఈ ఒక్క నియమం వల్లనే.

కానీ ఎదుటివాడు రావాలి కదా. సెప్టెంబరులో దరఖాస్తు పెడితే మొదటి నోటీసుకు జవాబు లేదు. రెండో నోటీసుకూ లేదు. డిసెంబరులో ‘నాన్ స్టార్టర్’ అని కాగితం చేతిలో పెట్టిన్రు. మీడియేషన్ మొదలే కాలేదని దానర్థం. రానందుకు వాళ్లకు పైసా జరిమానా లేదు. పిలిస్తే రానివాడికి ఏ నష్టమూ లేనప్పుడు ఎందుకు వస్తడు? మన పంచాయతీలో పెద్దమనుషులు పిలిస్తే రాకపోతే కనీసం ఇజ్జత్ పోతది. ఇక్కడ అది కూడా లేదు.

రెండోది దూరం. ఆ కంపెనీ ఇచ్చిన వర్క్ ఆర్డర్ వెనక చిన్న అక్షరాల్లో ‘ఏ తగాదా అయినా హైదరాబాద్ కోర్టుల పరిధి’ అని ఉంది. అబ్బా అది చదవలేదు. చదివినా సంతకం పెట్టకుండా ఉండేవాడా? ఆ ఊరికి తగాదాతో ఏమాత్రం సంబంధం ఉన్నా, ఇట్లాంటి షరతును కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. హైదరాబాద్‌లో కమర్షియల్ కోర్టులు ఉన్న మాట నిజమే. కానీ గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీద రెండొందల కిలోమీటర్లకు పైనే. పోను రాను ఒక రోజు షెడ్డు బంద్, ఇద్దరు హెల్పర్ల కూలి, బస్సు కిరాయి, తిండి, వకీలు ఫీజు. నేను ఇంట్లో కూర్చుని ఎక్సెల్ షీట్ వేసిన. ఇరవై వాయిదాలు అనుకున్నా, గెలిచాక మిగిలేది చూసి అబ్బాకు చూపించకుండానే ఫైల్ మూసేసిన.

2022 జూన్ 2న తెలంగాణలో 33 జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చినయి. పెద్దపల్లికీ వచ్చింది. 2018 సవరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టును సంప్రదించి, జిల్లా జడ్జి కంటే కింది స్థాయి కోర్టును కూడా కమర్షియల్ కోర్టుగా ప్రకటించవచ్చు. పార్లమెంటు దాకా పోవాల్సిన పని కాదు. సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీ, బసంత్‌నగర్ సిమెంటు ఉన్న ఈ పట్టీలో ఎంత కాంట్రాక్టు పని నడుస్తదో ఆలోచించండి. నెలకు కొన్ని రోజులైనా ఒక కమర్షియల్ జడ్జి గోదావరిఖనిలో కూర్చోవాలి. అది కుదరకపోతే 10 లక్షల లోపు కేసుల్లో వీడియో హియరింగ్‌ను హక్కుగా ఇవ్వాలి. కాంట్రాక్టులో ఏ ఊరి పేరు రాసినా, పని జరిగిన చోటే చిన్న బాకీదారు దావా వేసుకునే వీలు ఉండాలి.

వేరే దార్లు లేవా అంటే, ఉన్నట్టే ఉంటయి. దివాలా చట్టం కింద ఎన్‌సీఎల్‌టీకి పోతామని నోటీసిస్తే కంపెనీలు ఒకప్పుడు భయపడేవి. 2020 మార్చిలో ఆ హద్దును లక్ష నుంచి కోటికి పెంచిన్రు. ఆ తలుపు మనకు మూసుకుంది.

2006 ఎంఎస్ఎంఈ చట్టం ఇంకా బలమైనది. చిన్న యూనిట్‌కు ఎట్టి పరిస్థితుల్లో 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే 18 శాతం. 10 లక్షల బాకీ మీద ఏడాదికి 1,95,618 రూపాయలు. కొన్నవాడు కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే ముందు 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఈ వడ్డీ సంగతి విని అబ్బా "మనకు వడ్డీ వద్దురా, అసలు ఇస్తే చాలు" అన్నడు. ఆయన మాట నాకు అర్థమైంది. కానీ వదులుకోవాలన్నా ముందు హక్కు చేతిలో ఉండాలి, అది లేకపోయింది. ఎందుకంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నేను చేయించింది 2023 మార్చిలో, పని అయిపోయినంక. సరఫరా నాటికే రిజిస్ట్రేషన్ ఉండాలని 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇద్దరు జడ్జీల బెంచ్ దీని మీద వేరే అభిప్రాయం చెప్పి, ముగ్గురు జడ్జీల బెంచ్‌కు పంపింది. ఆ ఆశ మీద బిల్లులను ఇంకా ముదరనివ్వలేం. ఇక దుకాణంలో నట్లు బోల్టులు కొని అమ్మేవాళ్లు ఉద్యమ్ నంబరు చూసి మురిసిపోవద్దు. వ్యాపారులకు 2021లో ఇచ్చిన రిజిస్ట్రేషన్ బ్యాంకు లోన్లలో ప్రాధాన్యం వరకే, ఈ 45 రోజుల రక్షణకు కాదు.

నాకు తోచిన ఇంకో మార్పు కోర్టు బయటిది. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం నుంచే ఉంది. వెల్డింగ్ చేసినవాడికి, ట్యాంకర్ పంపినవాడికి అట్లాంటి రక్షణ లేదు. కింది సరఫరాదారుల బాకీలు లేవని కాగితం తెచ్చినాకే ఫైనల్ బిల్లు, బ్యాంకు గ్యారంటీ విడుదల చేస్తామని ప్రభుత్వ సంస్థలు టెండర్లోనే రాస్తే, ఈ తగాదాల్లో చాలావరకు కోర్టు మెట్లే ఎక్కవు. వాళ్లకు దీంతో పైసా ఖర్చు లేదు.

మన వైపు తప్పు కూడా ఉంది, దాచి లాభం లేదు. సూర బఖరా 282వ ఆయత్, ఖురాన్‌లోనే అన్నిటికంటే పొడవైన ఆయత్, లావాదేవీని రాసి పెట్టుకోమనే. ఆ ఆయత్ మనం తిలావత్ చేస్తం, దుకాణంలో మాత్రం నోటిమాట మీద నడుస్తం. కమర్షియల్ కోర్టులో మొదటి రోజే ఉన్న కాగితాలన్నీ పెట్టాలి. తర్వాత తెస్తా అంటే సరైన కారణం చూపి అనుమతి తీసుకోవాల్సిందే. వర్క్ ఆర్డర్, చలానా మీద సైట్ సూపర్‌వైజర్ సంతకం, జీఎస్టీ ఉంటే ఆ ఇన్వాయిస్, వాట్సాప్ మెసేజీలున్న అసలు ఫోను. ఫోను మార్చినా పాతది పారేయకండి. అన్నిటికంటే ముఖ్యంగా, మూడేండ్లు నిండకముందే ‘ఇంత బాకీ ఉన్నాం’ అని వాళ్ల సంతకంతో ఒక్క చిట్టీ తీసుకుంటే గడువు ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మొదలవుతుంది. అబ్బా ఆ చిట్టీ అడగడానికి మొహమాటపడ్డడు. దాని ఖరీదు 85,000.

ఇప్పుడు మా సంగతి. ఇంకొక్క పెద్ద బిల్లు గడువు దాటితే మొత్తం 3 లక్షల లోపుకు పడిపోయి కమర్షియల్ కోర్టు కూడా ఉండదు, మళ్లీ మామూలు సివిల్ దావానే. ఆ బిల్లుకు ఇంకా 19 రోజులున్నయి. హైదరాబాద్‌లో ఒక వకీలు సాబ్‌తో మాట్లాడిన, కాగితాలు తెమ్మన్నడు. నిన్న ఇషా నమాజ్ అయినంక అబ్బా ఏమీ అనకుండా అల్మారీలోంచి పాత బిల్లు బుక్కులు తీసి, తేదీల వారీగా పేర్చి, రబ్బర్ బ్యాండ్ వేసి నా బ్యాగు పక్కన పెట్టిండు.