పదహారణాల శ్రమకు ఒక్క అణా కూలి

ఆన్‌లైన్ ఆటలో వర్తకుని పాత్ర ధరించి, చౌకగా కొని ప్రియంగా అమ్మి, చెమటోడ్చకుండానే సంపన్నులు కావచ్చునన్న ప్రచారం కొన్ని సంవత్సరాలుగా యువజనుల మధ్య ముమ్మరంగా సాగుతున్నది. ఆ లోకంలో యజమాని లేడట, కూలివాడు లేడట, తెలివితేటలే పెట్టుబడి అట! ఇది పచ్చి అబద్ధమని మేము స్పష్టం చేయదలిచాము. ఆటలకూ కార్మిక సంఘాలకూ ఏమి సంబంధమని సభ్యులు కొందరు ప్రశ్నించవచ్చు. ఒకరి శ్రమ మరొకరి లాభంగా మారే ప్రతి చోటా కార్మిక సంఘానికి పని వున్నది.

వర్తకుడు అమ్మేది ఎవరి సరుకు?

ఈ ఆటల సంగతి తెలియనివారి కోసం కొంత వివరణ అవసరం. వీటిలో వేలాది మంది ఏకకాలంలో ఒకే ఊహాలోకంలో ప్రవేశించి, తలా ఒక పాత్రను నడుపుతారు. గనిలో ఖనిజం తవ్వేవారు, అడవిలో మూలికలు ఏరేవారు, ఆయుధాలు తయారుచేసేవారు తమ సరుకును అంగడికి తెస్తారు. ధర పడిపోయినప్పుడు కొని, పెరిగినప్పుడు అమ్మేవాడు వర్తకుడు. 2004లో వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వేలంశాలలో ప్రతి అమ్మకంపై నూటికి 5 వంతుల రుసుము కోతపడుతుంది. ఐస్‌లాండ్ కంపెనీ ఒకటి నడుపుతున్న 'ఈవ్ ఆన్‌లైన్'లో జీటా అనే నక్షత్ర మండలమే మహా సంత. ఆ కంపెనీ 2007లో ఏకంగా ఒక ఆర్థికశాస్త్రవేత్తను కొలువులో పెట్టుకున్నది. ఎంత ఖనిజం తవ్వారో, ఎంత సరుకు చేతులు మారిందో నెలనెలా లెక్కలు ప్రకటించే ఆటను వట్టి ఆట అని కొట్టివేయడం ఎట్లా సాధ్యం?

వినోదం కోసం సాయంత్రం పూట ఈ సంతలో బేరమాడే వారితో మాకు పేచీ లేదు. అయితే సరుకు చేతులు మారినంత మాత్రాన కొత్త విలువ పుట్టదన్న సత్యం వూహాలోకంలోనూ మారలేదు. వర్తకుని లాభం, ఆ ఖనిజం తవ్వడానికి మరొకరు వెచ్చించిన గంటల నుండి వచ్చినదే. ఆ గంటలకు బయటి ప్రపంచంలో ధర వున్నదని 2001లోనే తేలిపోయింది. 'ఎవర్‌క్వెస్ట్' అనే ఆటలోని సరుకులు అసలు డాలర్లకు అమ్ముడుపోతున్న తీరును అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా పరిశీలించి, ఆడేవాని గంట శ్రమ విలువ సుమారు 3.42 డాలర్లని లెక్క కట్టాడు. గంటకు ధర పలకడమే తడవుగా, ఆ గంటను కారుచౌకగా కొనేవారు బయలుదేరారు.

నాన్‌జింగ్ లెక్క

చైనాలో వందలాది చిన్న కార్ఖానాలు వెలిశాయి. వాటిలోని యువకులు అమెరికా, యూరపు ఆటగాళ్లకు అమ్మడానికి ఆట నాణేలను పోగుచేసేవారు. వీరికే 'గోల్డ్ ఫార్మర్లు' అని పేరు. నాన్‌జింగ్ నగరంలో ఇట్లాంటి ఒక కార్ఖానా లెక్కలను 2007లో న్యూయార్క్ టైమ్స్ వారపత్రిక బయటపెట్టింది. అక్కడ 12 గంటల రాత్రి డ్యూటీ. నెలకు రెండు మూడు రాత్రులే సెలవు. పోగుచేసిన ప్రతి 100 నాణేలకు శ్రామికునికి దక్కేది 10 యువాన్లు, అంటే ఆనాటి విలువలో 1.25 డాలర్లు. గంటకు చూస్తే 30 సెంట్లు. అవే నాణేలను కార్ఖానాదారు 3 డాలర్లకో ఇంకొంచెం ఎక్కువకో అమ్మితే, ఆన్‌లైన్ వర్తకుడు వాటికి 20 డాలర్ల దాకా రాబట్టుకునేవాడు. 20 డాలర్లలో 1.25 అంటే సరిగ్గా పదహారో వంతు. మన పాత లెక్కలో రూపాయికి అణా! తక్కిన పదిహేనణాలు నాణెం తవ్వనివారి పరమైనాయి.

ఇది ఎక్కడో మారుమూల సాగిన చిల్లర వ్యాపారం కాదు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హీక్స్ 2008లో వేసిన అంచనా ప్రకారం ఈ పనిలో సుమారు 4 లక్షల మంది వున్నారు. వారి సగటు సంపాదన నెలకు 145 డాలర్లు. ఆట నాణేల వర్తకంలో పేరుమోసిన ఐ.జి.ఇ. కంపెనీలో 2006లో గోల్డ్‌మన్ శాక్స్ తదితర పెట్టుబడిదారులు దాదాపు 6 కోట్ల డాలర్లు పెట్టారు. వాల్ స్ట్రీటు ఆటబొమ్మల కోసం డబ్బు పెడుతుందా? అక్కడ శ్రమ వున్నదనీ, అది చౌక అనీ ఆ పెద్దలకు బాగా తెలుసు.

ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఒకటి 2011లో మరొక పాట అందుకున్నది. ఇట్లాంటి సేవల విలువ 2009లో సుమారు 300 కోట్ల డాలర్లనీ, కాఫీ వంటి పంటతో పోలిస్తే ఇందులో అధికభాగం ఉత్పత్తి చేసే దేశాల్లోనే నిలుస్తున్నదనీ, కనుక ఇది అభివృద్ధికి బాట అనీ దాని నివేదిక చెప్పింది. దేశంలో నిలవడం వేరు, శ్రామికుని చేతికి అందడం వేరు. సొమ్ము నాన్‌జింగ్‌లోనే వున్నా, అది యజమాని పెట్టెలో వుంటే రాత్రంతా మేల్కొన్నవానికి ఏమి ఒరిగింది?

దొంగ ఎవరు?

ఆట నాణేలను డబ్బుకు అమ్మడం నిబంధనలకు విరుద్ధమని కంపెనీలు మొదటి నుండీ గర్జిస్తూ వచ్చాయి. పట్టుబడిన వాని ఖాతా మూసివేస్తారు. నోటీసు లేదు, విచారణ లేదు. వారాల తరబడి పోగుచేసిన సరుకు క్షణంలో మాయమవుతుంది. ఇంతటి నీతిమంతులు 2015లో ఏమి చేశారు? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ యాజమాన్యమే 20 డాలర్లకు ఒక టోకెన్‌ను అమ్మకానికి పెట్టింది. డబ్బున్న ఆటగాడు దానిని కొని, వేలంశాలలో ఆట బంగారానికి అమ్ముకుంటాడు. బంగారం ఇచ్చి కొన్నవానికి నెల చందా తీరుతుంది. ఆ చందా 15 డాలర్లు. టోకెన్ ద్వారా కంపెనీకి చేరేది 20 డాలర్లు! శ్రామికుడు అమ్మితే నేరం, కంపెనీ అమ్మితే సేవ. సంత స్థలం వారిది, కాటా వారిది, టంకశాల వారిది, పోలీసు వారే, న్యాయమూర్తి వారే. ఇట్లాంటి చోట స్వేచ్ఛా వర్తకమన్న మాట నవ్వు పుట్టిస్తుంది.

వాటాకు మేపిన పశువులు

కరోనా కాలంలో ఈ దోపిడీ కొత్త రూపం ధరించింది. వియత్నాం కంపెనీ తయారుచేసిన 'ఆక్సీ ఇన్ఫినిటీ' ఆటలో ప్రవేశించాలంటే అప్పట్లో ముందు మూడు ఊహా జంతువులను కొనవలసి వుండేది. 2021లో వాటి ధర వందల డాలర్లకు చేరింది. ఉపాధి పోయిన ఫిలిప్పీన్స్ పేదలకు అంత సొమ్ము ఎక్కడిది? జంతువులున్న ఆసామి వాటిని ఆడటానికి ఇస్తాడు, రాబడిలో వాటా తీసుకుంటాడు. మేకలను వాటాకు మేపే పద్ధతి ఎరిగిన మన పల్లె కూలీకి ఇందులో కొత్త ఏమీ లేదు. అయితే ఇక్కడ మేపేవానికి 'స్కాలర్' అని బిరుదు!

కూలి కూడా ప్రభుత్వ నాణెంలో లేదు, ఆట టోకెన్లలో. 2021 జులైలో 30 సెంట్లు దాటిన ఆ టోకెన్ 2022 మధ్యకల్లా ఒక సెంటు లోపుకు పడిపోయింది. చేసే పని అదే, కూలి ఆవిరి. అంగడిలో ప్రతి అమ్మకంపై నూటికి 4.25 వంతులు కంపెనీ రుసుము మాత్రం తప్పలేదు. ఒకనాడు అస్సాం తేయాకు తోటల్లో, తోట దాటితే చెల్లని టోకెన్లు కూలిగా ఇచ్చేవారు. వేతనం చలామణిలోని నాణెంలో, నోట్లలో చెల్లించాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం శాసించింది. పోరాడి సాధించిన ఆ సూత్రాన్ని తెరమీద బొమ్మల చాటున కాలరాయడాన్ని మేము అంగీకరించము.

మన కర్తవ్యం

ఇష్టపడి ఆడినవానికి కూలి ఎందుకన్నది యాజమాన్యాల ఆఖరి వాదన. తిండి గింజల కోసం రాత్రి 12 గంటలు ఒకే రాక్షసుణ్ణి చంపడం ఏ ఇష్టం? మన నగరాల్లో భోజనం మోసుకుపోయే కార్మికుణ్ణి 'భాగస్వామి' అన్నవారిదీ, మనీలా పేదను 'స్కాలర్' అన్నవారిదీ ఒకే ఎత్తుగడ. పేరు మార్చితే బాధ్యత తప్పుతుందని వారి ఆశ.

ఆ ఆశ వమ్ము కాగలదని మన అనుభవమే చెబుతున్నది. ప్రతి లావాదేవీపై సంక్షేమ రుసుము వసూలు చేసే సూత్రాన్ని రాజస్థాన్ 2023లో చట్టం చేసింది. కర్ణాటక 2025 చట్టం కార్మికునికి చెల్లించే మొత్తంపై నూటికి 1 నుండి 5 వంతుల రుసుము విధించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ప్లాట్‌ఫారం కార్మికుని నిర్వచనం వున్నది. కార్మిక స్మృతులపై మా వ్యతిరేకత మారలేదు. అయినా ఆ నిర్వచనాన్ని ఆయుధంగా వాడుకోవలసిందే. పందేల ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ సమస్య తీరదు. పందెం ప్రశ్న వేరు, శ్రమ ప్రశ్న వేరు.

మా డిమాండ్లు ఇవి:

1. ప్రతిఫలం కోసం ఆటలో చేసే పనిని చట్టం పనిగా గుర్తించాలి.
2. ప్రతి అమ్మకంపై తన రుసుము కోసుకోగల కంపెనీ, ఆ రుసుములో కొంత భాగాన్ని శ్రామికుల సంక్షేమ నిధికి జమచేయాలి.
3. కూలి ప్రభుత్వ ద్రవ్యంలోనే చెల్లించాలి.
4. నోటీసు, కారణం, విచారణ లేకుండా ఖాతా మూసివేయరాదు.

ఇది అసాధ్యమనేవారు అమెరికా వైపు చూడాలి. 2022లో రావెన్ సాఫ్ట్‌వేర్‌లో ఆటలను పరీక్షించే కార్మికులు సంఘానికి ఓటు వేశారు. 2024 జులైలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను తయారుచేసే 500 మందికి పైగా కమ్యూనికేషన్స్ వర్కర్స్ ఆఫ్ అమెరికాలో చేరారు. ఆ కోటను కట్టేవారు సంఘటితమైనారు. అందులో ఖనిజం తవ్వేవారు ఇంకా ఒంటరిగానే వున్నారు. హైదరాబాదులోనూ బహుళజాతి ఆటల కంపెనీల కార్యాలయాలు వున్నాయి. అక్కడ బొమ్మలు గీసే, తప్పులు పట్టే యువతీయువకులను మన శాఖలు ఈ సంవత్సరమే కలుసుకోవాలి. పదహారణాల శ్రమకు పదహారణాల లెక్క అడగడం అక్కడి నుండే ప్రారంభం కావాలి.