మిద్దె మీద పిట్టగోడ



ఎన్నికలు దగ్గరపడితే సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే తంతు. పొద్దున వాక్యం, ఆ వెంటనే ప్రార్థన అవసరతలు, మధ్యాహ్నానికి ఒక పార్టీ పాట, సాయంత్రానికి దానికి జవాబుగా ఇంకో పార్టీ వీడియో, రాత్రి పడుకునేలోపు ఎవరి కులాన్నో మతాన్నో తిట్టే ఫార్వర్డు. విసిగిపోయిన కొన్ని సంఘాలు "ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు" అని పెట్టేశాయి. ఇంకొన్ని "ఎవరి ఇష్టం వారిది" అని వదిలేశాయి. ఈ రెండు దారులూ సరైనవి కావని మేము నమ్ముతున్నాం.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఇల్లు కట్టుకొనేవారికి ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, ఎవరైనా జారిపడి చనిపోయినప్పుడు ఆ దోషం ఆ ఇంటి మీదికే వస్తుంది. మిద్దె అంటే ఏమిటో పల్లెలో ఉన్న మనకు వేరే చెప్పాలా? మిరపకాయలు ఎండేది అక్కడే, వడియాలు పెట్టేది అక్కడే, వేసవి రాత్రులు నలుగురూ చేరి మాట్లాడుకునేది అక్కడే. దేవుడు మిద్దె ఎక్కవద్దని చెప్పలేదు. గోడ లేని మిద్దె ఉంచవద్దన్నాడు. నలుగురు కూడి మాట్లాడుకునే గ్రూపు కూడా ఒక మిద్దె లాంటిదే. దాన్ని మూసేయడం కాదు, చుట్టూ గోడ కట్టడం మన పని.

మూసేయడం ఎందుకు తప్పు? రాజకీయం మన బ్రతుకుకు దూరమైనది కాదు గనుక. ఉపాధి హామీ కూలి ఎప్పుడు పడుతుంది, రేషన్ ఎందుకు ఆగింది, మన వారిని పాతిపెట్టుకోవడానికి సమాధుల స్థలం ఎప్పుడిస్తారు అనేవన్నీ రాజకీయాలే. గుమ్మము దగ్గర న్యాయం జరగడం లేదని ఆమోసు ప్రవక్త పెద్దల ముఖం మీదే చెప్పాడు. ఈ మాటలు విశ్వాసుల మధ్య వద్దంటే జనం నోరు మూసుకోరు. ఇంకో గ్రూపుకు పోతారు. అక్కడ అమ్మలుండరు, పెద్దలుండరు, తప్పు అని చెప్పేవారుండరు.

అయితే సమస్య గురించి మాట్లాడటం వేరు, పార్టీకి ప్రచారం చేయడం వేరు. 1988లో వచ్చిన మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రార్థనా స్థలాలను రాజకీయ కార్యకలాపాలకు వాడనివ్వదు. ఎన్నికల నియమావళి కూడా గుడి, మసీదు, చర్చి ఏదీ ప్రచార వేదిక కాకూడదంటుంది. ఆ చట్టం మాట్లాడేది కట్టడం గురించి. కానీ సంఘం పేరు పెట్టుకున్న గ్రూపులో ఏ మాట వచ్చినా మందిరంలో నుంచి వచ్చిన మాటగానే ఊరివాళ్లు వింటారు. అందుకే ఏ అభ్యర్థి ఫ్లెక్సీ, ఏ పార్టీ పాట అక్కడ ఉండకూడదు. కాపరికి ఇష్టమైన అభ్యర్థిదైనా సరే.

ఇక గోడ ఎక్కడ కట్టాలి? చట్టం కొంత దూరం చూపిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ ఉంది. పాత శిక్షాస్మృతిలో అది 153ఎ. మతం, జాతి, పుట్టిన చోటు, భాష, కులం వంటి వాటి పేరిట ప్రజల మధ్య శత్రుత్వం, ద్వేషం పెంచేవారికి మూడేళ్ల వరకు జైలు అని అది చెబుతుంది. ఫోను ద్వారా పంపిన సందేశానికీ అది వర్తిస్తుంది. అదే నేరం ప్రార్థనా స్థలంలో జరిగితే ఐదేళ్ల వరకు. ఇది కాపరులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి. దేవుని పేరు పిలిచే చోట ద్వేషం మాట్లాడితే దాని బరువు ఎక్కువని లోక చట్టానికి కూడా తెలుసు.

అయితే అదే చట్టం పేరు చెప్పి ప్రతి విమర్శనూ తుడిచేయడం కూడా తప్పే. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబయి మూతపడింది. ఎందుకు మూతపడాలి అని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ తర్వాత ఒక న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కోర్టు కొట్టివేసింది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులలో జస్టిస్ చలమేశ్వర్ కృష్ణా జిల్లావారు, ఇంకొకరు జస్టిస్ నారిమన్. ఆ తీర్పు మాటను మూడు మెట్లుగా చూసింది. మొదటిది చర్చించడం. రెండవది ఒక పక్షాన నిలబడి వాదించడం. మూడవది జనాన్ని ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా పౌరుని హక్కే. మూడవ మెట్టు దగ్గరే మాటను అడ్డుకోవచ్చు.

ఇది మన గ్రూపులకు ఎలా వర్తిస్తుంది? "ఈ ప్రభుత్వం మా ఊరి రోడ్డు వేయలేదు" అంటే చర్చ. "అందుకే ఈసారి మార్చాలి" అంటే వాదన. ఈ రెండూ ఉండనివ్వాలి. "ఆ కులం వాళ్లంతా దొంగలు, వాళ్లను ఊళ్లోకి రానివ్వకూడదు" అంటే అది తీసేయవలసిన మాట. నాయకుణ్ణి ప్రశ్నించడానికీ ఒక జనాంగాన్ని అసహ్యించుకోవడానికీ మధ్య ఉన్న ఆ గీత మీదే పిట్టగోడ కట్టాలి.

2023 మేలో మణిపూర్ మండినప్పుడు మన గ్రూపులన్నీ కన్నీళ్లతో నిండిపోయాయి. కాలిన మందిరాల ఫోటోలు పెట్టుకొని ఏడ్చాం, ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయని అడిగాం. ఏడవడం తప్పు కాదు, అడగడం తప్పు కాదు. కానీ ఆ ఫోటో కింద "వాళ్లందరినీ ఇలాగే చేయాలి" అని ఒక్క వాక్యం చేరితే, అది దుఃఖం కాదు, నిప్పు. యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో నాలుకను దేనితో పోల్చాడో మీకు తెలుసు.

నిప్పు అని ఊరికే అనడం లేదు. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామానికి భిక్షకు వచ్చిన సంచార జాతివారు ఐదుగురిని, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనే పుకారు నమ్మిన జనం కొట్టి చంపారు. ఆ రోజుల్లో అలాంటి పుకార్లు ఫోన్లలో ఊరూరా తిరిగాయి. ఆ నెలలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారి ఐదుగురికి మించి పంపకుండా వాట్సాప్ పరిమితి పెట్టింది. పంపినవారిలో చాలామంది హంతకులు కారు. నొక్కేముందు ఒక్క క్షణం ఆగనివారు, అంతే. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ బొటనవేలికి కూడా వర్తిస్తుంది.

కొందరు అడ్మిన్లు భయంతో అడుగుతున్నారు: "ఎవరో పెట్టినదానికి మేము జైలుకు పోవాలా?" సభ్యుడు పెట్టిన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినందుకు ఒక మనిషిని నేరస్థునిగా చూడలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అడ్మిన్ కూడా అందులో చేయి కలిపితే సంగతి వేరు. కాబట్టి మన కాపలాకు కారణం పోలీసు భయం కాకూడదు. యెహెజ్కేలు 33వ అధ్యాయంలోని కావలివాడు జైలుకు భయపడి బూర ఊదలేదు. కత్తి వస్తున్నదని చూసి ఊదకపోతే, చనిపోయినవారి రక్తానికి దేవుడు తనను లెక్క అడుగుతాడని ఊదాడు.

ఇప్పుడు మింగుడుపడని మాట ఒకటి. మన మీద ద్వేషం చిమ్మిన పోస్టు చూస్తే మనకు వెంటనే మండుతుంది, చట్టం గుర్తొస్తుంది. మన గ్రూపులోనే పొరుగువారి దేవుళ్లను ఎగతాళి చేసే వీడియో వస్తే? "అది సువార్తే కదా" అంటాం. కాదు, ప్రియులారా. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదవండి. ఎఫెసులో ఊరంతా గగ్గోలైనప్పుడు అక్కడి కరణం, విశ్వాసి కానివాడు, జనంతో ఏమన్నాడు? వీళ్లు గుడి దోచలేదు, మన దేవతను దూషించలేదు అన్నాడు. పౌలు మూడేళ్లు ఆ పట్టణంలో దాచుకోకుండా సువార్త చెప్పాడు. అయినా అన్యుని నోట ఆ సాక్ష్యం వచ్చింది. మన గురించి మన ఊరి సర్పంచి ఆ సాక్ష్యం ఇవ్వగలడా? సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకోవడం దేవునికి హేయం. ఇతరుల మాటకు ఒక రాయి, మన మాటకు ఒక రాయి ఉండకూడదు.

ఇంకో అభ్యంతరం కూడా విన్నాం. "ఈ చట్టాలు అందరికీ ఒకేలా అమలవుతున్నాయా? బలవంతుడు మాట్లాడితే కేసు ఉండదు, బీదవాడు మాట్లాడితే రాత్రికి రాత్రే స్టేషన్." ఆ బాధను మేము కాదనం. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ద్వేష ప్రసంగాలపై కేసులు పెట్టాలని, మాట్లాడినవారి మతం చూడవద్దని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పవలసి వచ్చిందంటే, లోపం ఉందనే అర్థం. అయితే బయట తక్కెడ వంకరగా ఉందని మన ఇంట్లో తక్కెడను వంచుకుంటామా? బయట న్యాయం తక్కువైనచోట, సంఘంలో న్యాయం ఇంకా నిక్కచ్చిగా ఉండాలి.

గ్రూపులు నడిపేవారికి మేము చెప్పేది ఇదే. ఒక్కరే అడ్మిన్‌గా ఉండవద్దు. వేర్వేరు పార్టీలకు ఓటేసే ఇద్దరు ముగ్గురిని, వారిలో ఒక సహోదరిని పెట్టండి. తప్పుడు పోస్టు వస్తే పోస్టును తీయండి, మనిషిని కాదు. మత్తయి 18వ అధ్యాయం చెప్పినట్టు ముందు అతని ఇంటికి ఒంటరిగా వెళ్లి మాట్లాడండి. నలుగురిలో పరువు తీస్తే సహోదరుణ్ణి పోగొట్టుకుంటారు. అబద్ధం అని తేలితే నిశ్శబ్దంగా తుడిచేసి ఊరుకోవద్దు. ఎంతమంది చూశారో అంతమందికీ నిజం చెప్పండి. ఎవరినైనా కొడతాం, చంపుతాం అనే బెదిరింపు ఉంటే, తీసేముందు స్క్రీన్‌షాట్ పెట్టుకొని పోలీసులకు చెప్పండి. అక్కడ మౌనం ప్రేమ కాదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం ఆగిపోవాలని చట్టమే అంటుంది. ఆ రెండు రోజులూ అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చి, ప్రార్థనకు వదిలేయండి.

సభ్యులైన మీరు పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది నిజమని నాకు తెలుసా? ఇందులో ఎవరి గురించి ఉందో ఆ మనిషి నా ఎదురుగా కూర్చుంటే ఇది చదివి వినిపించగలనా? ఇదే మాట మన గురించి వేరేవాళ్లు పంపితే నేను ఒప్పుకుంటానా?

ఓటు వేసిన మర్నాడు అదే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవాలి, అదే కళ్లంలో పక్కపక్కన నిలబడాలి, ఎవరింట్లో చావు వచ్చినా అదే పాడె మోయాలి. గెలిచినవారు రాజధానికి పోతారు. ఇక్కడ కలిసి బ్రతకవలసింది మనమే.

సమాధానకర్తయగు దేవుడు మన నోటికి కావలి ఉంచి, మన వేళ్లను కూడా కాపాడును గాక. ఆమెన్.