గురితో పాటు చరిత్ర: అమెరికా వారాంతపు రైఫిల్ శిబిరాలు

అమెరికా స్వాతంత్ర్య సమరానికి నాంది పలికిన లెక్సింగ్టన్, కాంకర్డ్ ఘర్షణలకు 2025 ఏప్రిల్ 19తో 250 ఏళ్లు నిండాయి. ఆనాటి చరిత్రనూ, రైఫిల్ గురినీ కలిపి బోధించే వారాంతపు శిబిరాలు ఆ దేశంలో జరుగుతున్నాయి. 2006లో మొదలైన ‘ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్’ వీటిలో ప్రముఖమైనది.

రెండు రోజుల శిక్షణలో తొలి పాఠం భద్రత. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి; గొట్టాన్ని సురక్షితమైన దిశలోనే ఉంచాలి; గురి కుదిరేవరకు ట్రిగ్గర్‌పై వేలు పెట్టరాదు. తరువాత నిలబడి, కూర్చుని, బోర్లా పడుకుని కాల్చడం నేర్పుతారు. లక్ష్యం 25 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అయితే దానిపై బొమ్మలు 100 నుంచి 400 గజాల దూరాన ఉన్నట్టు కనిపించేంత చిన్నవి. 250కి 210 పాయింట్లు సాధించినవారికి ‘రైఫిల్‌మన్’ గుర్తింపు లభిస్తుంది. విరామ సమయాల్లో 1775 నాటి ఘట్టాలను వివరిస్తారు.

ఆ రోజు కాంకర్డ్‌లోని ఆయుధ నిల్వలను స్వాధీనం చేసుకునేందుకు బోస్టన్ నుంచి బ్రిటిష్ సేనలు కదిలాయి. లెక్సింగ్టన్‌లో ఎనిమిది మంది వలసవాసులు నేలకొరిగారు. రోజు ముగిసేసరికి 73 మంది బ్రిటిష్ సైనికులు, 49 మంది వలసవాసులు మరణించారు.

ఇక్కడ ఒక వాస్తవాన్ని విస్మరించరాదు. ఆనాటి పౌరదళాల చేతుల్లో ఉన్నవి ప్రధానంగా రైఫిళ్లు కావు, గురి అంతగా కుదరని మస్కెట్లు. పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియాల నుంచి రైఫిల్ దళాలను సమీకరించాలని కాంటినెంటల్ కాంగ్రెస్ నిర్ణయించింది ఆ తరువాత, జూన్ 14న. కనుక ఏప్రిల్ 19 ఒంటరి గురికాడి గాథ కాదు. ముందుగానే కవాతు చేసి, కబురు అందగానే కదిలిన ఊరుమ్మడి సన్నద్ధత గాథ.

ఈ తేడా నేటి చర్చకూ కీలకమే. 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఆయుధధారణను వ్యక్తిగత హక్కుగానూ పరిరక్షిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2008లో తీర్పునిచ్చింది. భారత్‌లో మాత్రం 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు తప్పనిసరి. సాధారణ లైసెన్సుదారు కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను 2019 సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది. అయినా ఎన్‌సీసీ, రైఫిల్ క్లబ్బుల ద్వారా మన దేశంలోనూ గురి విద్య వర్ధిల్లుతోంది. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం సాధించడం ఇందుకు నిదర్శనం.

తుపాకీ హింస అమెరికాను ఏళ్లుగా వేధిస్తోంది. అటువంటి సమాజంలో భద్రతా క్రమశిక్షణ నేర్పే శిబిరాల ప్రయోజనాన్ని కాదనలేం. అయితే గురిలో కోరే కచ్చితత్వం చరిత్ర బోధనలోనూ ఉండాలి. అప్పుడే ఆయుధం పట్ల గౌరవంతో పాటు, దాన్ని చేపట్టిన సమాజం బాధ్యత కూడా కొత్త తరానికి తెలుస్తుంది.