పనితనానికి పరీక్ష: ఎవరికి, ఎందుకు?

వచ్చే నెల 12న నాకు పరీక్ష. ఫోన్లో ఈ మాట చెప్పగానే మా అమ్మ నవ్వింది. "ఏటా రాస్తూనే ఉన్నావు, ఇంకా పాసవలేదా?" అంది. యాభై దాటిన కూతురు ఇంకా పరీక్షకు చదువుకుంటోందంటే ఎనభై దాటిన తల్లికి నవ్వు రావడంలో వింత లేదు. కానీ ఆమె వేళాకోళానికి అడిగిన ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. చేతిలో పని ఉన్న మనిషి ఆ పని తనకు వచ్చునని ఎన్నిసార్లు రుజువు చేసుకోవాలి? ఎవరి ముందు చేసుకోవాలి? మగవాళ్ళకీ మనకీ ఈ రుజువు ఒకటేనా?

నేను లండన్ తూర్పున ఈస్ట్‌హామ్‌లో ఉంటాను. కరెంటు పని చేస్తాను. ఇళ్ళల్లో వైరింగు చేయడం, మెయిన్ బోర్డులు మార్చడం, పాత ఇళ్ళ వైరింగు పరీక్షించి నివేదిక ఇవ్వడం నా పని. ఎవరి దగ్గరా జీతానికి లేను. నా వ్యాను, నా పనిముట్లు, నా పూచీ. ఈ దేశంలో ఈ పనిలో ఉన్న స్త్రీలు నూటికి ఒకరో ఇద్దరో.

ఇక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండు, వేల్సులలో 2005 జనవరి 1 నుంచి ఇళ్ళల్లో కరెంటు పని భవన నిర్మాణ నిబంధనల కిందికి వచ్చింది. ఆ భాగాన్ని 'పార్ట్ పి' అంటారు. కొత్త సర్క్యూట్ వేసినా, మెయిన్ బోర్డు మార్చినా స్థానిక కౌన్సిలుకు ముందుగా తెలియజేసి, రుసుము కట్టి, తనిఖీ చేయించుకోవాలి. లేదంటే ప్రభుత్వం గుర్తించిన సంస్థల్లో ఏదో ఒకదానిలో పేరు నమోదైన ఎలక్ట్రీషియన్ చేత ఆ పని చేయించుకోవాలి. పేరు నమోదైన వాళ్ళు తమ పనికి తామే ధ్రువపత్రం ఇచ్చుకోవచ్చు. అంత అధికారం చేతికిచ్చారు గనక మా పని ఎలా ఉందో చూడడానికి ఏటా ఒక పరీక్షకుడు వస్తాడు. మా అమ్మ నవ్విన పరీక్ష ఇదే.

'మనల్ని పరీక్షించడానికి వీళ్ళెవరు?' అనే కోపం మన ఉద్యమంలో ఉన్న అందరికీ వస్తుంది. నాకూ వచ్చేది. అయితే ఒక సంగతి చెబుతాను. 2004లో లండన్‌లో ఒక పార్లమెంటు సభ్యురాలి కూతురు తన వంటింట్లో కరెంటు కొట్టి చనిపోయింది. గోడలో వైరును నిటారుగా వేయాల్సింది పోయి ఏటవాలుగా వేశారు. గరిటెలు తగిలించుకునే లోహపు పట్టీని గోడకు బిగించినప్పుడు స్క్రూ వెళ్ళి ఆ వైరుకు తగిలింది. వైరు వేసినవాడు ఎప్పుడో డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. రోజూ ఆ వంటింట్లో నిలబడేది ఎవరు? చెడ్డ వైరింగు ముందుగా ఎవరి చేతికి తగులుతుంది? తడి చేతులతో గ్రైండరు స్విచ్చి వేసేది, హీటరు బకెట్టులోంచి నీళ్ళు తోడేది ఎవరో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే కరెంటు పని నాణ్యతను నేను స్త్రీల సమస్యగా చూస్తాను.

ఇంకో విశేషం. 2005లో నిబంధన వచ్చినప్పుడు స్నానాలగదితో పాటు వంటింటిని కూడా ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చోటుగా చేర్చారు. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండులో ఆ నిబంధనను సడలించారు. వంటింటిని ఆ జాబితాలోంచి తీసేశారు. ఉన్న సర్క్యూట్‌కే వంటింట్లో ఒక సాకెట్టు తగిలిస్తే ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాగితాల భారం తగ్గించడానికన్నారు. తగ్గించడానికి వాళ్ళకు వంటిల్లే కనబడింది!

పరీక్ష రోజున జరిగేది ఇది. ఏడాదిలో నేను చేసిన పనుల జాబితాలోంచి ఒకటో రెండో ఎంచుకుంటారు. ఆ ఇంటివాళ్ళను బతిమాలి ఒప్పించాల్సింది నేను. అక్కడికి తీసుకెళ్ళి, నా పని చూపించి, అతను చూస్తుండగా మళ్ళీ పరీక్షలు చేయాలి. ముందు సరఫరా ఆపాలి. ఆపి, తాళం వేసి, తాళంచెవి నా జేబులో ఉంచుకోవాలి. టెస్టరు పనిచేస్తోందో లేదో కరెంటున్న చోట చూసుకుని, ఆ తర్వాత పనిచేయబోయే చోట కరెంటు లేదని చూసి, ఈలోగా టెస్టరు చెడిపోలేదని మళ్ళీ మొదటి చోట చూడాలి. రెండోసారి చూడడం ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. చచ్చిపోయిన టెస్టరు కూడా 'కరెంటు లేదు' అనే చెబుతుంది కదా, అందుకు.

తర్వాత ఎర్తు వైరు ఎక్కడా తెగలేదని చూడాలి. 500 వోల్టులు పెట్టి ఇన్సులేషన్ చూస్తే కనీసం 1 మెగాఓమ్ రావాలి. 32 ఆంపియర్ల టైప్ బి బ్రేకరున్న సర్క్యూట్‌లో ఎర్తు దారి నిరోధం 1.37 ఓములు దాటకూడదు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీ దగ్గర పడిపోవలసిన స్విచ్చి 300 మిల్లీసెకన్ల లోపల పడిపోవాలి. ఈ అంకెలన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నిబంధనల పుస్తకం 18వ కూర్పు 2018లో వచ్చింది, 2022లో దానికి రెండో సవరణ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పుస్తకం నా డబ్బుతో కొనుక్కుని, పని ముగించుకుని వచ్చాక రాత్రిళ్ళు చదువుకోవాలి.

మొదటి ఏడాది వచ్చిన పరీక్షకుడు తలుపు దగ్గరే ఆగి, "ఎలక్ట్రీషియన్ ఎక్కడ?" అని అడిగాడు. నేనేనన్నాను. "కాదు, పని చేసే ఆయన" అన్నాడు. ఇందులో అతన్నొక్కణ్ణీ అనను. మన తెలుగు వాళ్ళ ఇళ్ళకు పనికి వెళ్తే కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆప్యాయంగా "మీవారు వెనకాల వస్తున్నారా అండీ?" అంటారు. నిచ్చెన నా భుజం మీదే ఉంటుంది. సరే, ఆ మొదటి పరీక్ష రోజు మధ్యాహ్నానికి ఏమైందంటే, మీటరులో వచ్చిన అంకె, నేను ఏడాది కిందట కాగితం మీద రాసిన అంకె దాదాపు ఒకటే వచ్చాయి. అతను రెండూ చూసి, నోట్సులో రాసుకుని, నన్ను 'మేడమ్' అనడం మానేసి, బోర్డు గురించి మామూలుగా, ఒక పనివాడు ఇంకో పనివాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. నా జీవితంలో నన్నలా కొలిచిన సందర్భాలు బహు తక్కువ. పెళ్ళిచూపుల్లో కొలిచారు, అత్తగారింట్లో కొలిచారు, ఆ కొలతలకు అంకెలుండవు. అప్పీలూ ఉండదు.

అందుకే పరీక్ష వద్దని నేను అనను. పోయినసారి హైదరాబాదు వచ్చినప్పుడు భవన నిర్మాణ కార్మిక స్త్రీలతో పనిచేసే ఒక మిత్రురాలితో ఈ విషయం మీద గట్టిగానే వాదన పడింది. "సర్టిఫికెట్లూ తనిఖీలూ పేదల మెడకి గుదిబండలు, నువ్వు అక్కడ ఉండి వాటికి అలవాటు పడ్డావు" అంది. ఆమె మాటలో సగం నిజం. మిగతా సగం సంగతి అడ్డా మీద నిలబడితే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా కాంక్రీటు కలుపుతున్న మనిషికి ఇసుకపాళ్ళు మేస్త్రీ కంటే బాగా తెలుసు. అయినా ఆమె 'ఆడకూలీ'. ఆమె పక్కన నిన్నగాక మొన్న తాపీ పట్టిన కుర్రాడు మేస్త్రీ అవుతాడు, ఆమె కాదు. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి ఒకే కూలి ఇమ్మంది. అయితే మీరు చేసేది వేరే పని, నైపుణ్యం అక్కర్లేని పని అనేస్తే చట్టం నోరు మూతపడింది. నైపుణ్యాన్ని ఎవరూ కొలవకపోవడం వల్ల లాభపడింది ఎవరు? ఆ స్త్రీ మాత్రం కాదు.

కరెంటు పనిలో మన దగ్గర కాగితం ఎప్పటినుంచో ఉంది. లైసెన్సున్న కాంట్రాక్టరు, సూపర్‌వైజరు సర్టిఫికెట్టు, వైర్‌మన్ పర్మిట్టు. 1956 నాటి విద్యుత్ నియమాల్లో 45వ నియమం ఇదే చెప్పింది. ఆ పర్మిట్టు పేరులోనే 'మన్' ఉంది. పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ, నేను చిన్నప్పుడు మా అన్నయ్య షాపులో ఫ్యాన్లకు కాయిల్స్ చుట్టేదాన్ని. చుట్టడం నాది, బిల్లు మీద పేరు అన్నయ్యది. నేనూ అప్పుడు దాన్ని పని అనుకోలేదు.

ఈ రంగంలో స్త్రీలు ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్నట్టు మాట్లాడేవాళ్ళకు రెండు పేర్లు చెబుతుంటాను. ఇక్కడ 1924లో విద్యుత్ మహిళా సంఘం ఏర్పడినప్పుడు దానికి మొదటి డైరెక్టరు కారొలిన్ హాస్లెట్. యుద్ధం తర్వాత కట్టబోయే ఇళ్ళల్లో వైరింగు ఎలా ఉండాలో తేల్చడానికి 1942లో వేసిన కమిటీలో ఆమె ఒక్కతే స్త్రీ. ఆ కమిటీ ఆలోచనల్లోంచి వచ్చిందే 1947 నాటి మూడు పిన్నుల బ్రిటిషు ప్లగ్గు. పొడవాటి ఎర్తు పిన్ను లోపలికి వెళ్తే తప్ప మిగతా రెండు రంధ్రాల మూత తెరుచుకోదు. పిల్లలు పుల్ల పెట్టినా ప్రమాదం ఉండదు. రెండో పేరు మన అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టింది. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు, చేతిలో పసిపాప. గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ చదివింది. పట్టా మీద అచ్చయిన 'అతడు' అన్న మాట కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చింది. కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రానంగల్ విద్యుత్ పనుల్లో పాలుపంచుకుంది. 1965లో లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో సభ్యురాలైంది. ఆ కొట్టివేత గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపమూ వస్తుంది, ధైర్యమూ వస్తుంది.

ఇక నా మిత్రురాలి మాటలో నిజమైన సగం గురించి. పరీక్ష న్యాయమైనదే, కానీ దాన్ని తయారుచేసినవాళ్ళ మనసులో ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఇంట్లో భార్య ఉంది. పరీక్షకు కావలసిన కాగితాలు చూడండి: ప్రతి పనికీ ధ్రువపత్రం నకలు, బీమా పత్రం, మీటరు సరిచూసిన తేదీలు, ఫిర్యాదుల పుస్తకం, ఫిర్యాదులు లేకపోతే లేవని రాసిన పుస్తకం. నాతోపాటు శిక్షణ పొందిన మగవాళ్ళను ఇదంతా ఎప్పుడు చేస్తారని అడిగాను. ముగ్గురిలో ఇద్దరు ఒకే మాట చెప్పారు: "మా ఆవిడ చూసుకుంటుంది." ఆవిడకు జీతం లేదు. ఆవిడ పేరు ఏ కాగితం మీదా లేదు. పరీక్షలో పాసైనట్టు వచ్చే ఉత్తరం ఆయన పేరు మీద వస్తుంది. ఆ ఉత్తరాన్ని ఫైలులో పెట్టేది మళ్ళీ ఆవిడే. నాకు ఆవిడ లేదు గనక రాత్రి పది దాటాక నేనే 'మా ఆవిడ' నవుతాను.

ఫీజు ఏటా వందల పౌండ్లు. పరీక్ష రోజు సంపాదన సున్నా. పెద్ద కంపెనీలో వందమంది పనివాళ్ళ మీద ఆ ఖర్చు సర్దుకుంటుంది. ఒంటరిగా పనిచేసేవాళ్ళకు అది వారం తిండి. మాలో ఒక చిన్నపిల్లకు పోయిన ఏడాది కాన్పయింది. సొంతంగా పనిచేసే స్త్రీలకు ఇక్కడ ప్రసూతి భత్యం 39 వారాలు ఇస్తారు, అది మంచిదే. కానీ పరీక్ష తేదీ పాప పుట్టిన పదకొండో వారంలో పడింది. చూపించడానికి ఆ ఏడాది తగినంత పని లేదు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. మూడు ఉత్తరాలు రాస్తే గడువు పొడిగించారు. ఉత్తరాలు రాయడం రాని మనిషి పేరు జాబితాలోంచి పోయేది. మళ్ళీ చేరాలంటే మొదటి నుంచి దరఖాస్తు. ఆడవాళ్ళు ఈ పనిలో ఎందుకు నిలబడరో అధ్యయనం చేస్తామని ఎవరైనా నా దగ్గరికొస్తే ఆ మూడు ఉత్తరాలు చూపిస్తాను.

కనుక మన దగ్గర స్త్రీ కార్మికుల పనితనాన్ని పరీక్షించి పత్రం ఇచ్చే పథకాలు వస్తున్నప్పుడు, వాటిని మొత్తంగా తోసిపుచ్చకండి, మొత్తంగా నెత్తినా పెట్టుకోకండి. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకంలో ఇదివరకే వచ్చిన పనిని గుర్తించే ఏర్పాటు ఉంది. అందులో మన స్త్రీల కోసం మనం బేరమాడాల్సినవి ఉన్నాయి. పరీక్ష పనిచేసే చోటే జరగాలి, మాటల్లో తెలుగులో జరగాలి. ఆ రోజు కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి. పసిపిల్లను ఎత్తుకోవడానికి ఒక మనిషి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పాసైన మర్నాడు ఆమె కూలి పెరగాలి. కూలి పెంచని పత్రం గోడకు కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఈ ఒక్క షరతు మీద నా మిత్రురాలూ నేనూ చివరికి ఒక మాట మీదికి వచ్చాం. మిగతావాటి మీద ఇంకా ఫోన్లో పోట్లాడుకుంటున్నాం.

నా విషయానికొస్తే, మీటరు సరిచూడడానికి పంపాను, శుక్రవారం వస్తుంది. మార్చిలో చేసిన ఒక బోర్డు పని తాలూకు ధ్రువపత్రం నకలు కనబడడం లేదు, వ్యాను సీటు కింద వెతకాలి. పరీక్షకు తన ఇల్లు చూపించడానికి ఒక పెద్దావిడ ఒప్పుకుంది. ఆ పెద్దమనిషికి కేకు చేసి పెట్టనా అని అడిగింది, వద్దన్నాను. మీ ప్రాంతంలో భవన నిర్మాణ స్త్రీలలో 'నైపుణ్యం గల' కూలి అందుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అది ఎలా సాధించుకున్నారో పత్రికకు రాయండి. 12వ తేదీ దాటాక తీరిగ్గా చదివి జవాబు రాస్తాను.