రోడ్డు అంచు ఎవరిది?

సార్వా కోతలు ముమ్మరమయ్యాయి. కొల్లేరు మీదుగా ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డులో గానీ, గుండుగొలను, భీమడోలు, ఉంగుటూరు దాటి తాడేపల్లిగూడెం వెళ్లే జాతీయ రహదారిపై గానీ తెల్లవారుజామున మంచులో నడిచేది ఎవరు? కోతలకు, చేపల చెరువుల మీద పనికి పోయే కూలీలు, పాలు పోసి వచ్చే ఆడవాళ్లు, కాస్త పొద్దెక్కాక బడి పిల్లలు. అంటే మనవాళ్లే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవారేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. రోజుకు దాదాపు 90 మంది.

నడిచేవారికి రోడ్డు మీద మిగిలింది అంచు ఒక్కటే. అదీ దక్కడం లేదు. ఒకచోట చేపల లారీ ఆగి ఉంటుంది. ఒకచోట తుమ్మకంప రోడ్డు మీదికి వాలి ఉంటుంది. మరోచోట మన ధాన్యం ఉంటుంది. ఈ మాట మన పత్రికలో మనమే రాసుకోవాలి. పొడవునా ఆరబోసిన వడ్లు, చుట్టూ రాళ్లు, రాత్రయితే పైన బరకం. వాటిని తప్పించుకోవాలంటే నడిచే మనిషి లారీ దారిలోకి దిగాల్సిందే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 16 మీటర్లు దాటుతుంది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోపే అంత దూరం వచ్చేస్తుంది.

రైతు సరదాకు రోడ్డెక్కలేదు. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో ఇబ్బంది. ఆరబెట్టుకుందామంటే ఊళ్లో కల్లం లేదు. అందుకే ప్రతి గ్రామానికీ సిమెంటు కల్లాలు కట్టాలని, కొనుగోలు కేంద్రాల్లో డ్రయ్యర్లు పెట్టాలని అడుగుతున్నాం. ఇది ధాన్యం ధర సమస్యే కాదు, ప్రాణాల సమస్య కూడా.

నడిచేవారికి ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు నగరాలకే పరిమితం కాదు. హైవేకి ఒకవైపు ఊరు, మరోవైపు పొలం ఉన్న ప్రతిచోటా మనుషులు, పశువులు దాటే దారి, వీధి దీపాలు కావాలి. కొల్లేరు గట్ల రోడ్లకు నడిచేందుకు గట్టి అంచు కావాలి.

అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. మలుపుల్లో, వంతెనల దగ్గర, బడి ముందు ధాన్యం పోయవద్దు. రాళ్లు పెట్టవద్దు. చీకటి పడేలోపు ఎత్తేద్దాం. ఫుట్‌పాత్ లేనిచోట కుడివైపున, ఎదురొచ్చే బండి కనిపించేలా నడుద్దాం. కూలీలను చీకటితో పిలిచే రైతు ముఠాకు ఒక టార్చిలైటు ఇవ్వాలి. బస్సు దిగినవారు అది వెళ్లిపోయాకే రోడ్డు దాటాలి.

గుద్దిన బండి దొరక్కపోయినా మృతుని కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు చట్టం ప్రకారం రావాలి. ఈ సంగతి తెలియక దరఖాస్తు పెట్టని కుటుంబం మన ఊళ్లో ఉండకూడదు.

ఈ నెల ప్రతి గ్రామ శాఖా తన ఊరి రోడ్డు వెంట ఒకసారి నడవాలి. ఎక్కడ అంచు లేదో రాసుకోవాలి. ఆ జాబితాతోనే అధికారుల దగ్గరికి వెళ్దాం.